దూరమ్మ

క్రెష్ మళ్ళీ తెరుస్తున్నాం, సోమవారం నుంచి రమ్మని మేడమ్ ఫోన్ చేసినప్పుడు పెద్దమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ పెట్టేసేలోపే ఆ లేచొచ్చిన ప్రాణం కాస్తా గొంతులో అడ్డం పడింది. నెలల తరబడి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న మనిషికి పని దొరికింది, సంతోషమే. కానీ ఆ పని ఏమిటట? ముక్కులు కారే పిల్లల్ని పొద్దస్తమానం చూసుకోవడం. ఇంట్లో ఉన్న మొగుడేమో సగం ఊపిరితిత్తులతో నెట్టుకొస్తున్న మనిషి.

పెద్దమ్మ అంటే నిజానికి ఎవరికీ పెద్దమ్మ కాదు. ఆ క్రెష్‌లో ఆయా. పిల్లలు పెద్దమ్మ అన్నారని తల్లులూ అన్నారు, చివరికి మేడమూ అలాగే పిలవడం మొదలుపెట్టింది. అసలు పేరు తెలిసినవాడు మొగుడొక్కడే. ఆయనా "ఏమేవ్" అనే పిలుస్తాడు.

ఆయన బళ్ళకి రంగు కొట్టే పెయింటర్. ఏళ్ళ తరబడి ఆ రంగు వాసన పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూలబడతాడు. "నాకు గనక ఈ మహమ్మారి అంటుకుందా, ఆస్పత్రి దాకా కూడా పోనవసరం లేదు, వీధి మలుపులోనే టపా కట్టేస్తాను" అని రోజూ ఒకసారైనా బెదిరించేవాడు. ఉత్త బెదిరింపూ కాదది. డాక్టరు కూడా ఇంచుమించు ఆ మాటే అన్నాడు, కాస్త మర్యాదగా.

అందుకని ఆయన కూరగాయల్ని సబ్బునీళ్ళలో ముంచాడు, న్యూస్‌పేపర్ని ఇస్త్రీ చేసి చదివాడు. అంతటితో ఆగాడా? అటక మీద పడేసిన పాత స్ప్రే గన్ దించి, రంగుకి బదులు మందు నింపి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. పెద్దమ్మ బయటికెళ్ళొస్తే చాలు, చెప్పుల దగ్గర్నుంచి సంచీ దాకా బండికి ప్రైమర్ కొట్టినట్టు కొట్టేవాడు. "తిరుగు. ఇటు తిరుగు. చేతులెత్తు."

"రెండో కోటింగు కూడా వేసెయ్, మెరుస్తాను" అనేది పెద్దమ్మ. నవ్వుతూనే అనేది గానీ, ఆ మందు వాసన మధ్య నుంచి ఆయన ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ నిలబడేది. ఆ చప్పుడు ఆగిపోయిందంటే తనకింకెవరూ లేరు.

క్రెష్ తెరిచారు. మేడమ్ నేలమీద పసుపు రంగు టేపుతో గుండ్రాలు అంటించింది, ఒక్కో పిల్లకి ఒక్కో గుండ్రం. "పెద్దమ్మా, ఎత్తుకోవడాలు వద్దు, ముద్దులొద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం అసలే వద్దు" అంది.

"మరి ఈ పిల్లలెందుకు మేడమ్, బొమ్మల్ని చూసుకుందాం" అంది పెద్దమ్మ.

రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లల్ని గుండ్రాల్లో కూర్చోబెట్టడమంటే మాటలా! ఒకణ్ణి కూర్చోబెట్టి ఇటు తిరిగేసరికి ఇంకొకడు టేపు పీకి నోట్లో పెట్టుకునేవాడు. మూడోవాడు రెండోవాడి చెవి కొరికేవాడు. పెద్దమ్మ మాస్కు వెనక నుంచి పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఒకటే అరుపు. "దూరం! నాన్నా, దూరం! ఇదిగో, నీకే చెప్పేది, దూరం దూరం!"

కొన్నాళ్ళు పోయేసరికి ఆ నియమాలన్నీ సడలిపోయాయి. పిల్లాడు ఏడుస్తుంటే ఎంతసేపని చూస్తూ నిలబడుతుంది? మేడమ్ ఆఫీసు గదిలోకి వెళ్ళడం ఆలస్యం, పెద్దమ్మ ఒకణ్ణి భుజానేసుకునేది, ఇంకోదాన్ని ఒళ్ళోకి లాక్కునేది. ఆ పిల్లల అమ్మానాన్నలందరూ ఇంట్లో కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్ళు. గడప దాటనివాళ్ళ పిల్లలు, వీళ్ళ దగ్గర ఏముంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

అప్పుడొచ్చింది బొంగరం.

మూడేళ్ళుంటాయి. ఏ పని చెయ్యబోయినా ముందు ఒక్కసారి గిర్రున తిరిగి మరీ చేస్తుంది. నీళ్ళు తాగాలన్నా తిరుగుతుంది, ఏడవాలన్నా ఒక చుట్టు తిరిగాకే ఏడుస్తుంది. చేర్చుకున్న రోజే మేడమ్ ఆ పేరు పెట్టేసింది. ముద్దొచ్చే పిల్ల. చిక్కంతా ఆ పిల్ల తల్లితోనే వచ్చింది. తండ్రి ఓడమీద పనిచేస్తాడు, ఏ రేవులోనూ దిగనివ్వక సముద్రంలోనే చిక్కుబడిపోయాడు. తల్లి పెద్దాసుపత్రిలో నర్సు. ఏదో ఒక వార్డు అయితే సరే అనుకోవచ్చు. ఆ వార్డే!

పెద్దమ్మ మేడమ్‌ని పక్కకి పిలిచి, "ఆస్పత్రి పిల్లని ఎందుకు చేర్చుకున్నారు మేడమ్" అని అడిగింది కూడా. "ఎవరో ఒకరు చేర్చుకోవాలిగా పెద్దమ్మా" అంది మేడమ్. చేర్చుకోవడానికేం, సంతకం పెడితే సరి. ముక్కు తుడవాల్సింది ఎవరు?

కాదనలేక, పెద్దమ్మ తన జాగ్రత్తలో తను పడింది. బొంగరం గుండ్రాన్ని అందరికీ దూరంగా కిటికీ కిందికి మార్చింది. "ఇక్కడ గాలి బాగా వస్తుంది తల్లీ" అని నమ్మబలికింది. మిగతా పిల్లలకి చెప్పే "దూరం" ఒక రకం, బొంగరానికి చెప్పే "దూరం" ఇంకో రకం. ఆ పిల్ల ఇటు అడుగు వేస్తే ఈవిడ అటు అడుగు వేసేది. ఆ రోజుల్లో పెద్దమ్మ చంకెక్కని పిల్ల ఆ క్రెష్‌లో ఉందంటే అది బొంగరం ఒక్కతే.

బూట్ల లేసు కట్టాలన్నా, గుండీ పెట్టాలన్నా దగ్గరికి వెళ్ళక తప్పదు కదా. దానికీ ఒక ఉపాయం కనిపెట్టింది. "చేప ఆట ఆడదామా? చేప నీళ్ళలో ఉంటే ఊపిరి తీసుకోదు కదా. నేను 'చేప' అనగానే నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పేసి, ఊపిరి బిగబట్టాలి. ఏదీ, చేప!" పిల్లకి ఆ ఆట ఎంత నచ్చిందనుకున్నారు! ఒక చుట్టు తిరిగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, బుగ్గలు పూరించి మొహం తిప్పేసేది. ఈవిడ గబగబా లేసు కట్టేసి వెనక్కి వచ్చేసేది. ఎంత తెలివైనదాన్నో అనుకుని మురిసిపోయింది కూడా, ఏం చెప్పమంటారు!

ఒకరోజు మేడమ్ పిల్లలందరి ముందూ ఆటగా బొంగరాన్ని అడిగింది. "నేనెవరు?" "మేడమ్." "మరి ఈవిడెవరు?"

బొంగరం గిర్రున తిరిగి పెద్దమ్మని చూపించి, "దూరమ్మ" అంది.

మేడమ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వింది. పాపం ఆ పిల్ల తప్పేముంది? వచ్చిన రోజు నుంచీ ఈవిడ నోట విన్నది ఆ ఒక్క మాటే. అది ఈవిడ పేరేననుకుంది. చివర అమ్మ తగిలిస్తే మన దగ్గర ఏ మాటైనా మనిషి పేరులాగే ఉంటుంది. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వాక లోపల ఎక్కడో చురుక్కుమంది. "దూరమ్మ కాదే, పెద్దమ్మ అనాలి" అంది. "దూరమ్మ" అంది బొంగరం, ఇంకా గట్టిగా. ఆ తర్వాత పెద్దమ్మ మరి దిద్దలేదు.

ఇలా రోజులు గడుస్తుండగా, ఒక మధ్యాహ్నం మేడమ్ ఆఫీసు గదిలో ఫోన్‌లో ఉంది. మిగతా పిల్లలు నిద్రపోతున్నారు. బొంగరానికి నిద్ర పట్టలేదు. వీధి చూడాలని కిటికీ కింద ప్లాస్టిక్ స్టూలెక్కింది. ఎక్కిన పిల్ల ఊరుకుంటుందా, అలవాటు చొప్పున గిర్రున తిరిగింది. స్టూలు ఒరిగింది. పిల్ల గడ్డం కిటికీ గట్టుకి కొట్టుకుని ధబ్బున కిందపడింది.

పెద్దమ్మ చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. చాచింది కూడా, దేవుడే సాక్షి. చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

గడ్డం చిట్లి నెత్తురు కారుతోంది. నోరు బార్లా తెరుచుకుని ఉంది. ముక్కు, కళ్ళు, నోరు అన్నీ ఒకేసారి కారుతున్నాయి. బొంగరం రెండు చేతులూ పైకెత్తి "దూరమ్మా! దూరమ్మా!" అని ఏడుస్తోంది. ఆ తెరిచిన నోరు చూడగానే పెద్దమ్మ చెవిలో మొగుడు ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది. గిరుక్కున తిరిగి అలమర దగ్గరికి పరిగెత్తింది.

గ్లవ్స్ తీసింది. చెమట చేతికి గ్లవ్స్ ఎక్కుతాయా? ఒకటి చిరిగింది. ఇంకోటి తీసింది. మొహానికి షీల్డు పెట్టుకుంది. దాని పట్టీ మెలిపడితే సరిచేసుకుంది కూడా! పిల్ల నేలమీద నెత్తుర్లో ఉంటే పట్టీ సరిచేసుకున్న మనిషిని ఏమనాలి? ఈవిడ అన్ని హంగులతో వెనక్కి వచ్చేసరికి బొంగరం ఎత్తిన చేతులు కిందికి దించేసుకుంది. ఏడుపు కూడా ఆపేసింది. లేచి వెళ్ళి తన గుండ్రంలో కూర్చుంది.

చేతులు బారుగా చాపి, మొహం ఎడంగా పెట్టుకుని, దూదితో నెత్తురు తుడిచి ప్లాస్టర్ అంటించింది పెద్దమ్మ. దెబ్బ మరీ లోతు కాదు, అదొక్కటే అదృష్టం. అంతసేపూ బొంగరం ఈవిడ వంక చూడలేదు.

సాయంత్రం నర్సు గేటు దాకా వచ్చి, ఎప్పట్లాగే అవతలే నిలబడింది. కూతురి గడ్డం చూసి ఒకడుగు ముందుకి వేసి ఆగిపోయింది.

"ఏమైంది పెద్దమ్మగారూ?"

"స్టూలు మీంచి పడింది నర్సమ్మా. కంగారుపడకండి." అక్కడితో ఆపినా పోయేది. భయపడ్డ నోరు ఊరుకుంటుందా! "పడగానే ఎత్తుకున్నాను. భుజానేసుకుని తిప్పితే ఏడుపు కూడా ఆపేసింది" అనేసింది.

నర్సుకి మాస్కు మీద కళ్ళు నిండిపోయాయి.

"ఎత్తుకున్నారా" అంది. "మీకెలా చెప్పాలో తెలీట్లేదు పెద్దమ్మగారూ. నేను దీన్ని ఎత్తుకోను. ఆ వార్డులో వేసినప్పట్నుంచీ ఎత్తుకోలేదు. ఇంట్లో కూడా మాస్కు, గ్లవ్స్‌తోనే తినిపిస్తాను. పక్కలో పడుకోబెట్టుకోను. అది ఆ గదిలో, నేను ఈ గదిలో. మధ్యలో తలుపు. తలుపుకి చెంప ఆనించి కథ చెప్పమంటుంది. పగలంతా పెద్దమ్మగారు ఎత్తుకునే ఉంటారు కదా, అదే చాల్లే అనుకుని డ్యూటీకి వెళ్తున్నాను. ఆ ధైర్యంతోనే వెళ్తున్నాను."

పెద్దమ్మ "అయ్యో, దాందేముందమ్మా" అంది. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే నాలుక మీద చేదు. తల్లీకూతుళ్ళు మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం ఉంచుకుని వీధి వెంట వెళ్ళిపోయారు. ఇంట్లోనూ ఎత్తుకోరు, ఇక్కడా ఎత్తుకోరు. ఇన్ని రోజులుగా ఆ పసిదాన్ని మనిషన్నవాళ్ళెవరూ దగ్గరికి తీసుకోలేదు! పెద్దమ్మ గేటు ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇంటికొచ్చింది. గుమ్మంలో మొగుడు గన్‌తో సిద్ధంగా ఉన్నాడు. "చేతులెత్తు" అన్నాడు.

ఆ మాటకి పెద్దమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. మెట్టు మీద కూలబడి, జరిగిందంతా చెప్పేసింది. ఆయన గన్ పట్టుకుని విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా?

"చంటిపిల్ల నెత్తురోడుతుంటే గ్లవ్స్ వెతుక్కున్నావా? నీకు మనసెలా ఒప్పిందే?"

ఎక్కడ లేని కోపం వచ్చింది పెద్దమ్మకి. "ఎవరి కోసం వెతుక్కున్నాను? నా కోసమా? నాకేం రోగం, గుండ్రాయిలా ఉన్నాను! పొద్దున లేస్తే పోతాను పోతాను అని నన్ను చంపుకుతింటున్నదెవరు? ఆ పిల్ల నోరు తెరిస్తే నాకు నీ శవం కనిపించిందయ్యా!"

"నా మీద పెట్టకు" అన్నాడు ఆయన. "ఆ పాపం నా నెత్తిన వెయ్యకు." ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాడు. పెద్దమ్మ లేవబోతే, వద్దని చెయ్యి ఊపాడు. ఊపిరి కుదుటపడ్డాక గన్ పక్కన పెట్టి లోపలికి వెళ్ళాడు. తన పరుపు చుట్టుకుని, ఈడ్చుకుంటూ, మధ్యమధ్యలో ఆగుతూ, వెనకవైపు సామాన్ల గదిలోకి చేర్చాడు. తట్టా బుట్టా, ఇన్హేలరు, చదవని పేపర్లు అన్నీ మోసుకెళ్ళాడు.

"ఇక్కడ పడుకుంటాను. కంచం గుమ్మంలో పెట్టి పో" అని తలుపు వేసుకున్నాడు. లోపల్నుంచి మళ్ళీ గొణిగాడు. "ఎత్తుకో, ఎత్తుకోకపో, నీ ఇష్టం. నన్ను మాత్రం మధ్యలోకి లాగకు."

అలా ఆ ఇంట్లో కూడా మధ్యలో ఒక తలుపు వచ్చింది. పెద్దమ్మ ముద్ద మింగలేకపోయింది. కాసేపు ఆ తలుపు దగ్గర కూర్చుని ఊపిరి చప్పుడు విని, వెళ్ళి పడుకుంది.

పొద్దున నర్సు గేటు దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ ముందే అక్కడుంది. బొంగరం లోపలికి పరిగెత్తాక, "నర్సమ్మా, ఒక్క నిమిషం" అంది. "నిన్న మీకు అబద్ధం చెప్పాను. నేను ఎత్తుకోలేదు."

వెళ్ళబోతున్న నర్సు వెనక్కి తిరిగింది.

"పడగానే గ్లవ్స్ కోసం పోయాను. చేతులెత్తి పిలిచింది. అయినా పోయాను. నిన్న ఒక్క రోజు కాదమ్మా, ఎప్పుడూ ఎత్తుకోలేదు. మా ఆయనకి ఊపిరితిత్తులు బాగుండవు, భయంతో..."

"మిగతా పిల్లల్ని ఎత్తుకుంటారా?" అని అడిగింది నర్సు.

అబద్ధానికి మళ్ళీ అవకాశం వచ్చింది. పెద్దమ్మ తల దించుకుంది. "ఎత్తుకుంటాను."

"నా కూతురు కాబట్టే."

"అవునమ్మా."

నర్సు తిడుతుందని చూసింది పెద్దమ్మ. తిడితే బాగుండునని కూడా అనుకుంది. నర్సు తిట్టలేదు. "తడి చేతికి గ్లవ్స్ ఎక్కవు" అంది, ఎవరికో చెప్తున్నట్టు. "ఇప్పుడే తీసుకెళ్ళిపోవాలనుంది. ఎక్కడికి తీసుకెళ్ళను? అడిగిన చోటల్లా ఆస్పత్రివాళ్ళ పిల్లల్ని చేర్చుకోం అన్నారు. మీరొక్కరే చేర్చుకున్నారు" అంది. సంచీ భుజానికి ఎగదోసుకుంది. "డ్యూటీకి టైమైంది. సాయంత్రం వస్తాను." వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

క్షమించానని ఒక్క మాట అనలేదు. ఎందుకంటుంది?

లోపల బొంగరం కిటికీ కింద తన గుండ్రంలో, బొమ్మని ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. బొమ్మకీ తనకీ మధ్య కొలిచినట్టు ఎడం ఉంచింది. బొమ్మ ఒరిగి తన కాలికి తగిలితే, "దూరం, నాన్నా, దూరం" అని వెనక్కి జరిపింది. గొంతు అచ్చం పెద్దమ్మదే.

పెద్దమ్మ మాస్కు సరిచేసుకుంది, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. గ్లవ్స్ వైపు వెళ్ళలేదు. మేడమ్ చూస్తుండగానే వెళ్ళి టేపు గీత దాటి మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు చాపింది. భయం ఎక్కడికీ పోలేదు, సామాన్ల గదిలో ఊపిరి ఇప్పుడు కూడా చెవిలో ఆడుతూనే ఉంది.

"రా తల్లీ. ఎత్తుకుంటాను రా."

బొంగరం ఆ చేతుల్ని చూసింది. గ్లవ్స్ లేని చేతులు. లేచి ఒక చుట్టు తిరిగింది, కానీ ముందుకి రాలేదు. పెద్దమ్మే ముందుకి వంగి, చంకల కింద చేతులు వేసి ఎత్తుకుని భుజానేసుకుంది. పిల్ల కట్టెలా బిగుసుకుపోయింది. మెడ అటు తిప్పేసింది. ఏమైందా అని పెద్దమ్మ తలొంచి చూస్తే, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, బుగ్గలు పూరించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఎవరూ "చేప" అనలేదు.

"వద్దమ్మా, ఆట కాదిది. ఊపిరి తీసుకో" అంది పెద్దమ్మ. పిల్ల తల అడ్డంగా ఊపింది. మొహం ఎర్రబడుతోంది. "ఊపిరి వదులు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. వదులమ్మా!"

పసి ఊపిరి ఎంతసేపు ఆగుతుంది? ఒక్కసారిగా బయటికొచ్చి పెద్దమ్మ మెడ మీద వెచ్చగా తగిలింది. బొంగరం ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. చెయ్యకూడని తప్పు చేసిన మొహం పెట్టి, తన ఊపిరి తగిలిన చోట ఆ చిట్టి చేత్తో గబగబా తుడిచింది.

"సారీ దూరమ్మా" అంది.